హఖామనిష్ పేరు చివర ‘ఇష్’ ఎలా వచ్చింది?

ప్రాచీన ఇరాన్‌ను ఏలిన అకమెనిడ్ రాజవంశం పేరుకు మూలమైన పురుషుడు పాత పారశీకంలో హఖామనిష్. ఇరాన్‌లో కొండరాతిపై చెక్కించిన బిహిస్తూన్ శాసనం మొదట్లో ఆ వంశపు రాజు మొదటి డేరియస్ తన పూర్వులను విష్తాస్ప, అర్షామ, అరియారమ్న, చిష్పిష్, హఖామనిష్ అని వరుసగా చెప్పి, అందుకే తమకు ఆ వంశనామం వచ్చిందంటాడు గాని అర్థం మాత్రం చెప్పడు.

‘మిత్రుని మనసు గలవాడు’ అన్న ప్రసిద్ధ వివరణలో మొదటి సగం నాకు నచ్చింది. సింధు ‘హిందు’ అయినట్టే సంస్కృత ‘సఖా’కు అక్కడ ‘హఖా’ సరిజోడు. దీర్ఘం కూడా కుదిరింది.

చిక్కల్లా రెండో సగంలోనే ఉంది. ‘మనస్’ చివర ఉన్న సమాసం సంస్కృతంలో ‘సుమనాః’ వలె ఉంటుంది కనుక, పారశీకంలో ‘హఖామనా’ అని రావాలి. కాని శాసన లిప్యంతరీకరణను రెండు వారాలుగా అక్షరం అక్షరం సరిచూసినా, న తరువాత ఇ, ష స్పష్టంగానే కనిపిస్తున్నాయి. అదే శాసనానికి ఏలామీ అనే మరో ప్రాచీన భాషలో ఉన్న పాఠంలోనూ చివర ‘ఇష్’ ఉంది కాబట్టి ఇది చెక్కినవాడి పొరపాటు కాదు. అదే శాసనంలో అర్దుమనిష్ అనే మరో పేరూ ఉంది. సంస్కృత వ్యాకరణంలో వెతికితే దారి దొరకలేదు.

సకారాంతమైన ‘మనస్’ పాత పారశీక సమాసాల్లో ఇకారాంతంగా మారడానికి కారణమైన నియమం ఏమిటో తెలిసినవారు వివరించగలరా?