రాగి నెగటివ్, పల్లాడియం పాజిటివ్... లెక్క తిరగబడిందేంటి?

రాగిచెంబు:
బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నా. డి-బ్లాక్ దగ్గర బుర్ర ఆగిపోయింది. ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే పారామాగ్నెటిక్ (అయస్కాంతం వైపు వచ్చేది), అన్నీ జతపడితే డయామాగ్నెటిక్ (దూరంగా జరిగేది) అనేగా ఇంటర్ నుంచీ చెబుతున్నారు. ఆ లెక్కన 3డి10 4ఎస్1 ఉన్న రాగి పారా అవ్వాలి, 4డి10 ఉన్న పల్లాడియం డయా అవ్వాలి. టేబుల్‌లో చూస్తే మోలార్ ససెప్టిబిలిటీ (ఒక మోల్ పదార్థం అయస్కాంత క్షేత్రానికి ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, పారాకి ప్లస్, డయాకి మైనస్) రాగికి −5.46, పల్లాడియంకి +540 (10⁻⁶ ఘన సెం.మీ./మోల్‌లో). అచ్చుతప్పా? వచ్చే వారం సెమినార్ ఉంది, ఇదెవరైనా అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.

బ్యాండ్‌మేళం:
అచ్చుతప్పు కాదు తమ్ముడూ. నువ్వు రాసిన విన్యాసాలు విడిగా ఉన్న ఒక్క పరమాణువువి, టేబుల్‌లో ఉన్నది లోహం ముక్కది. లోహంలో ఆ 4ఎస్ ఎలక్ట్రాన్ ఏ ఒక్క పరమాణువుకీ సొంతం కాదు, అన్నీ కలిసి ఒక బ్యాండ్‌లో (దగ్గర దగ్గరగా ఉన్న శక్తిస్థాయిల గుంపులో) అడుగు నుంచి జతలు జతలుగా నిండుతూ వస్తాయి. బయట నుంచి అయస్కాంత క్షేత్రం పెడితే స్పిన్ తిప్పుకోగలిగేవి పైన ఫెర్మీ స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన చివరి మెట్టు) దగ్గర ఉన్న కొన్నే, కింద ఉన్నవాటికి తిరగడానికి ఖాళీ స్థాయి ఎక్కడుంది? అందుకే వచ్చే పాజిటివ్ చాలా చిన్నది, ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు కూడా. దీన్నే పౌలీ పారామాగ్నెటిజం అంటారు. రాగిలో ఈ చిన్న పాజిటివ్‌ని నిండుగా ఉన్న 3డి10 తాలూకు డయామాగ్నెటిజం మింగేస్తుంది, మొత్తం మీద మైనస్ మిగులుతుంది. వెండి (−19.5), బంగారం (−28) కూడా అంతే.

పల్లాడియం కథ వేరు, అసలు మజా అక్కడే ఉంది. లోహంగా మారగానే 4డి, 5ఎస్ బ్యాండ్‌లు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, కొంత డి ఎలక్ట్రాన్ భాగం 5ఎస్‌లోకి జారిపోతుంది, డి బ్యాండ్‌లో పరమాణువుకి సుమారు 0.36 ఖాళీ మిగులుతుంది. డి బ్యాండ్ ఇరుకైనది కాబట్టి ఫెర్మీ స్థాయి దగ్గర స్థాయిలు కిక్కిరిసి ఉంటాయి, తిరగగలిగేవి బోలెడు. దానికి తోడు ఒక స్పిన్ తిరిగితే పక్కవాటినీ తనవైపు లాగుతుంది, ఆ ఒక్క ప్రభావంతోనే (స్టోనర్ పేరుతో ఉంటుంది, చూసుకో) ససెప్టిబిలిటీ దాదాపు పదింతలవుతుంది. ఇంకొంచెం ఉంటే ఇనుములా ఫెర్రో (స్పిన్లన్నీ వాటంతటవే ఒకవైపు తిరిగేది) అయిపోయేదే. పల్లాడియంలో ఒక శాతం కన్నా తక్కువ ఇనుము కలిపినా చల్లబరిస్తే ఫెర్రో అయిపోతుంది.

సెమినార్‌లో నిరూపణ అడిగితే హైడ్రోజన్ సంగతి చెప్పు. పల్లాడియం హైడ్రోజన్‌ని పీల్చుకునే కొద్దీ ససెప్టిబిలిటీ పడిపోతూ వస్తుంది, పరమాణువుకి 0.6 హైడ్రోజన్ దాకా వెళ్లేసరికి ఆ పారామాగ్నెటిజం పోయి డయా అవుతుంది. హైడ్రోజన్ తెచ్చిన ఎలక్ట్రాన్లతో ఖాళీలు నిండిపోయాయన్నమాట. పాత పుస్తకాల్లో ఖాళీ 0.6 అని ఉండేది ఇందుకే, 0.36 అన్నది తర్వాత డి హాస్–వాన్ ఆల్ఫెన్ కొలతల్లో (క్షేత్రం మార్చే కొద్దీ లోహం అయస్కాంత గుణం ఎలా ఊగుతుందో చూసేవి) తేలింది.

గూయ్‌తక్కెడ:
పైన చెప్పింది బాగుందండీ. ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. ఇంటర్‌లో చెప్పిన సూత్రం తప్పేం కాదు, అది సంక్లిష్టాలకీ లవణాలకీ పనిచేస్తుంది. కాపర్ సల్ఫేట్ నీలం స్ఫటికం (+1460) ఒకదాన్ని సన్న దారానికి వేలాడదీసి నియోడిమియం అయస్కాంతం దగ్గరగా తీసుకెళ్లండి, మెల్లగా ఇటు వస్తుంది. రాగి తీగ ముక్క రాదు. ఒకవేళ వచ్చిందంటే అది రాగి గొప్పతనం కాదు, కత్తిరించిన కట్టర్ నుంచి అంటుకున్న ఇనుము. దాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి మళ్లీ చూడాలి. గూయ్ తక్కెడలోనైతే (అయస్కాంత క్షేత్రంలో శాంపిల్ బరువు ఎంత మారిందో చూసేది) విద్యుదయస్కాంతం కరెంటు మార్చి రెండు మూడు క్షేత్రాల దగ్గర కొలవండి. విలువ క్షేత్రంతో పాటు మారుతోందంటే లోపల ఇనుము ఉన్నట్టే. స్టీల్ స్పాచులాతో గీకి గీకి శాంపిల్ నింపేవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు.

ఎస్ఐ_పంతులు:
యూనిట్లు రాయకుండా అంకెలు పెట్టేవాళ్ల మీద నాకు పాత కోపం ఉంది, పైన కాపర్ సల్ఫేట్ +1460 కూడా అలాగే వదిలేశారు (అదీ మోలారే, సీజీఎస్‌లో). రాగికి ఒకచోట −0.77×10⁻⁶ అనీ, ఇంకోచోట −9.6×10⁻⁶ అనీ కనబడితే కంగారు పడొద్దు. రెండూ ఘనపరిమాణ ససెప్టిబిలిటీలే, మొదటిది సీజీఎస్, రెండోది ఎస్ఐ, మధ్యలో 4π తేడా.

రాగిచెంబు:
థాంక్స్ అన్నా, ఇప్పుడు అర్థమైంది. మరి క్రోమియం? 3డి5 4ఎస్1, ఆరు ఒంటరి ఎలక్ట్రాన్లు, టేబుల్‌లో 167 మాత్రమే ఉంది. అదీ బ్యాండ్ వల్లేనా?

బ్యాండ్‌మేళం:
బ్యాండే, కాకపోతే ఇంకో మెలిక ఉంది. క్రోమియం 311 కెల్విన్ కింద యాంటీఫెర్రోమాగ్నెటిక్, స్పిన్లు ఎదురెదురుగా సర్దుకుని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 311 అంటే 38 డిగ్రీలు, మే నెలలో రెంటచింతలలో ఆరుబయట పెడితే ఆ అమరిక చెదిరిపోతుంది. అలాగని ససెప్టిబిలిటీ అమాంతం పెరిగిపోతుందనుకునేవు, గ్రాఫ్‌లో అక్కడ చిన్న వంపు కనిపిస్తుంది అంతే. ఆరు ఒంటరి ఎలక్ట్రాన్లు అన్న లెక్క ఆ గీత దాటాక కూడా పనికిరాదు.