ఇల్లు కట్టి చూడు, బిడ్డను కని చూడు?

మొదటిసారి సొంతిల్లు అమరడం, మొదటి బిడ్డ పుట్టడం ఒకేలాంటి అనుభవాలు కాబట్టి 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అనే సామెతలో పెళ్లి తీసేసి 'బిడ్డను కని చూడు' అని పెట్టుకోవచ్చా అని ఇక్కడొకరు అడిగారు. పోలిక నాకు నచ్చింది. సామెతను అలా మార్చడం మాత్రం కుదరదనిపిస్తోంది.

సామెతలో 'చూడు' అంటే అనుభవిస్తే గానీ తెలియదని. ఇల్లు కట్టడమైనా, పెళ్లి చేయడమైనా ఎప్పటికో ఒకప్పటికి ముగిసే పనులు. ఎంత ఖర్చయిందో, ఎవరెవరిని బతిమాలామో అప్పుడు లెక్క తేలుతుంది. కనడం అలా కాదు, అసలు పని ఆ రోజే మొదలవుతుంది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు బిత్తరపోయేదీ ఇక్కడే. తాళాలు చేతికొస్తే టెన్షన్ తీరుతుందనుకుంటారు. ఇల్లు అలకగానే పండుగ కాదని తర్వాత తెలుస్తుంది. అద్దెకున్నప్పుడు కుళాయి కారితే ఓనరుకు ఫోన్ చేస్తాం. ఇప్పుడు ఆ ఓనరు మనమే.

అందుకే ఈ రెంటినీ కలిపే మాట 'చూడు' కాదు, 'చూసుకో'. ఇల్లు చూసుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి. పెద్ద వాన వెలిశాక పైకప్పు మూలన చిన్న తడి మరక కనిపిస్తుంది. కుర్చీ ఎక్కి చెయ్యి పెట్టి చూస్తాం. పడుకునే ముందు ఇంకోసారి చూస్తాం, పెరిగిందేమోనని. జ్వరంతో పడుకున్న పిల్ల నుదురు పదేపదే తాకి చూసేదీ ఈ గాభరాతోనే.

ఇల్లు కూడా సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరు నిలబెడతాయని పెద్దలు చెప్పే ఏడింటిలో, ఒకటే కదా అని పైన ఒకరు రాశారు. కాదండీ. చెరువు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, కొడుకు: వరుస మారినా సాధారణంగా చెప్పే ఏడూ ఇవే. మనుచరిత్ర అవతారికలో (పీఠికలో) 'సప్తసంతానములలోఁ బ్రశస్తిఁ గాంచి ఖిలము గాకుండునది ధాత్రిఁ గృతియ' (సప్తసంతానాల్లో పేరుపొంది, లోకంలో చెడకుండా నిలిచేది కావ్యమే) అని రాయలు పెద్దనతో అనేది ఈ ఏడింటిని మనసులో పెట్టుకునే. ఏడింటిలోనూ సొంతిల్లు లేదు. మన తర్వాత నిలిచి, నలుగురికి పనికొచ్చేవాటినే సంతానమన్నారు. మనం ఉండటానికి కట్టుకున్నదాన్ని ఆ లెక్కలో వేయలేదు. నాకిది చాలా సబబుగా తోస్తుంది.

వ్యాఖ్య: 'వేరే ఇల్లు చూసుకోండి' అని ఓనర్లు అంటారు కదా, అదీ 'చూసుకో'నే. మరి దాన్నేం చేద్దాం?

జవాబు: భలే పట్టుకున్నారండీ. అక్కడ 'చూసుకోవడం' అంటే వెతికి ఎంచుకోవడం. పోలిక తెగేది సరిగ్గా అక్కడే. ఇల్లయితే నాలుగు చూసి, నచ్చింది తీసుకుంటాం. నచ్చకపోతే అమ్మేసుకునే వీలూ ఉంది. పిల్లల్ని అలా చూసుకోలేం. ఎవరు పుడితే వాళ్లనే, వాళ్లెలా ఉంటే అలాగే చూసుకుంటాం. ఇంకొకటి, పిల్లలు పెద్దయ్యాక తమను తామే చూసుకుంటారు. ఇంటికి ఆ వయసు రాదు, ఏళ్లు గడిచేకొద్దీ దాని పనే పెరుగుతుంది.

తెలంగాణలో 'అరుసుకోవడం' (బాగోగులు కనుక్కుని చూసుకోవడం) అనే చక్కటి మాట ఉంది. దాన్ని మనుషులకే వాడతారా, ఇంటికీ వాడతారా? తెలిసినవాళ్లు ఒక వాక్యంలో పెట్టి చూపిస్తారా?