పైకెళ్ళాక వద్దన్న ఫ్రెండ్‌ని "ఏం కాదు, వెళ్ళరా" అనడం తప్పా?

గాలివాటం
కాలేజీ నుంచి నలుగురం ఫ్రెండ్స్. పోయిన నెల మొదటిసారి కొండ మీంచి పారాగ్లైడింగ్‌కి వెళ్ళాం. మూడు వారాలు ముందు నుంచే గోల, ఎవడు ముందు, ఎవడు చివర, ఎవడు ఏడుస్తాడు అని. అందరికన్నా హుషారుగా ఉన్నవాడే ఆ చోటు వెతికాడు, బుక్ చేసిందీ వాడే. మొదటివాడు ఎగిరిపోయాడు, రెండో వంతు వీడిది. తీరా హార్నెస్ బెల్టులు కట్టాక "నా వల్ల కాదు రా" అన్నాడు. మిగిలిన ఇద్దరం "ఇంత దూరం వచ్చి ఇదేంట్రా, పది అడుగులు పరిగెడితే అయిపోతుంది" అన్నాం. పేరు పెట్టి అరిచాం, చప్పట్లు కొట్టాం. వాడూ నవ్వాడు, సరే అన్నాడు. వెనక కట్టి ఉన్న పైలట్ పరిగెత్తమంటే నాలుగడుగులు వేసి టక్కున కూర్చున్నాడు. పారాచూట్ పక్కకి పడిపోయింది, ఇద్దరూ గడ్డిలో జారారు. వాడికి చీలమండ బెణికింది, పైలట్‌కి మోచెయ్యి గీరుకుపోయింది. అంతే జరిగింది.

ఆ రాత్రి నుంచి వాడు మాట్లాడట్లేదు. బెణుకు తగ్గి పదిహేను రోజులైంది, కోపం మాత్రం తగ్గలేదు. ధైర్యం చెప్పడం కూడా తప్పేనా? మీ ఫ్రెండ్స్ వెనక నుంచి ఎగదోయకపోతే మీలో ఎంతమంది మొదటిసారి ఎగిరేవాళ్ళు? నిజం చెప్పండి.

చుక్కలు_చూసినవాడు
నేను దూకేవాణ్ణి కాదు. నాది బంగీ, కాళ్ళకి సాగే తాడు కట్టుకుని దూకడం. మావాడు ఒక తిట్టు తిట్టాడు, ఆ తిట్టుకి దూకేశా. అదేంటో ఇక్కడ రాయలేను.

నేలవిడవని_సాము
నా వల్ల కాదు అన్నాడు. మీరే రాశారు. అక్కడితో ఆగిపోవాలి కదండీ. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా బాబాయి ఈత నేర్పుతానని నీళ్ళలోకి విసిరేశాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు, అచ్చం మీలాగే. ఇప్పుడు నాకు నలభై దాటాయి, నడుము లోతు దాటి నీళ్ళలోకి దిగను. మా పిల్లలు ఈత కొడుతుంటే గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడతా. ఆయన దృష్టిలో అదీ ధైర్యం చెప్పడమే, ఇప్పటికీ ఇంట్లో నవ్వుతూ చెప్తాడు ఆ కథ. కాబట్టి "వాడూ నవ్వాడు" అన్నది నాకు సాక్ష్యం కాదు. భయపడ్డవాడు కూడా నవ్వుతాడు, నలుగురూ చూస్తున్నప్పుడు ఇంకా ఎక్కువ నవ్వుతాడు.

పాతరెక్క
ఒక చిన్న సవరణ. అది పారాచూట్ కాదు, వింగ్. పారాచూట్ పడిపోతున్న మనిషిని ఆపడానికి, వింగ్ ఎగరడానికి. ముందు అంచున నోళ్ళలాంటి తెరుపులుంటాయి, వాటిలోంచి గాలి లోపలికి దూరి గదులు నిండితేనే దానికి రెక్క ఆకారం వస్తుంది. లోపల కర్రా ఇనుమూ ఏమీ ఉండదు. పన్నెండేళ్ళుగా ఎగురుతున్నా, రోజుకొకరు పారాచూట్ అంటూనే ఉంటారు.

గాలివాటం
@నేలవిడవని_సాము, ఎనిమిదేళ్ళ పిల్లాడూ, ముప్పై ఏళ్ళవాడూ ఒకటేనా అండీ? మేం వాణ్ణి ఎత్తి విసరలేదు. వాడి కాళ్ళతో వాడే పరిగెత్తాడు.

నేలవిడవని_సాము
నాలుగడుగులు పరిగెత్తాడు. ఐదో అడుగు వెయ్యలేదు. అదే వాడి జవాబు.

ఊరికే_చదువుతా
ఐదో అడుగే జవాబట, బాగుంది ఇది.

చుక్కలు_చూసినవాడు
@పాతరెక్క, పారాగ్లైడింగ్ పుట్టిందే పారాచూట్‌లోంచి కదా? 1978లో ఫ్రాన్స్‌లో మియుస్సీ అనే చోట విమానంలోంచి దూకే ముగ్గురు స్కైడైవర్లు, విమానం ఖర్చు ఎందుకని, చదరపు పారాచూట్లు తగిలించుకుని కొండ మీంచి పరిగెత్తారు. కాబట్టి పారాచూట్ అంటే అంత పాపమేం కాదు.

పాతరెక్క
తాతకీ మనవడికీ ముక్కు ఒకటే అయినంత మాత్రాన తాతని మనవడు అనం కదా. ఇది మాటల పట్టింపు కాదు, చెప్తా వినండి. విమానంలోంచి టాండెం జంప్, అంటే ఇద్దరు కలిసి దూకడం, చేసేటప్పుడు మీరు ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి కట్టి ఉంటారు, మీరు చేసేది చాలా తక్కువ. తల వెనక్కి, నడుము ముందుకి, కాళ్ళు మడిచి ఉంచితే మిగతాది ఆయనే చూసుకుంటాడు. కొండ మీంచి టాండెం వింగ్ అలా కాదు. ప్రయాణికుడు ముందు, పైలట్ వెనక. ముందున్నవాడు పరిగెత్తకపోతే వెనకున్నవాడు పరిగెత్తలేడు. కాళ్ళు గాల్లోకి లేచినా ఇంకా పరిగెడుతూనే ఉండమంటాం, ఎందుకంటే ఒక్కోసారి వింగ్ ఎత్తి మళ్ళీ నేలకి తాకిస్తుంది. తొందరపడి కూర్చున్నారా, బరువంతా పైలట్ మీద పడుతుంది, వేగం చచ్చిపోతుంది, రెక్క పక్కకి వాలుతుంది. గాలివాటం గారు చెప్పింది అచ్చం ఇదే.

అంటే ఇష్టం లేనివాణ్ణి విమానంలోంచి తీసుకుపోవడం దుర్మార్గం. ఇష్టం లేనివాణ్ణి కొండ మీంచి పరిగెత్తించడం దుర్మార్గమూ, ప్రమాదమూ కూడా. వాడి కాళ్ళే మీ ఇంజను.

గాలివాటం
మరి పైలట్ ఎందుకు ఒప్పుకున్నాడు? వాడి భయం ఆయనకి కనిపించలేదా?

పాతరెక్క
అది ఆయన తప్పే. నేనైతే మిమ్మల్నిద్దర్నీ పక్కకి పంపి వాణ్ణి ఒంటరిగా అడిగేవాణ్ణి.

నేలవిడవని_సాము
పైలట్లని నమ్మమంటారా? 2018లో స్విట్జర్లాండ్‌లో ఒకాయన ప్రయాణికుణ్ణి గ్లైడర్‌కి తగిలించడమే మర్చిపోయి గాల్లోకి లేచాడు. పాపం ఆ మనిషి రెండు నిమిషాలకి పైగా చేతులతో వేలాడాడు, దిగేటప్పుడు మణికట్టు విరిగింది. అదీ మొదటిసారే. వీడియో ప్రపంచమంతా చూసింది.

పాతరెక్క
అది హ్యాంగ్ గ్లైడర్, గట్టి చట్రం ఉండేది. పారాగ్లైడర్ కాదు.

నేలవిడవని_సాము
వేలాడింది మనిషే కదండీ!

మూడోసారి_దూకినామె
నాది స్కైడైవింగ్, కొంచెం వివరంగా రాస్తా. మొదటిసారి ముగ్గురు ఫ్రెండ్స్‌తో వెళ్ళా. పదమూడు వేల అడుగులు. తలుపు తెరిచారు, చలిగాలి ముఖం మీద కొట్టింది, ఇన్‌స్ట్రక్టర్ బెల్టులు ఎంత బిగించాడంటే ఆయన ఊపిరి నా వీపుకి తెలుస్తోంది. నా ముందు మా స్నేహితురాలు అంచున కూర్చుని ఉంది, మరుక్షణం లేదు. అరుపు కూడా వినపడలేదు. "వెళ్దామా?" అన్నాడు. తల అడ్డంగా ఊపా. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బెల్టు వదులు చేసి కిటికీ పక్కకి జరిపాడు. విమానంతోపాటే దిగా.

కింద వాళ్ళు ముగ్గురూ ఎగురుతూ అరుస్తూ ఉన్నారు. నన్ను చూడగానే ఒకామె పరిగెత్తుకొచ్చి నీళ్ళ సీసా ఇచ్చి, "నా జడ చిక్కు పడింది, కాస్త విడదియ్యవే" అంది. అంతే. ఎందుకు దూకలేదని ఈ రోజుకీ అడగలేదు. రెండోసారి మబ్బులు పట్టి పైకే వెళ్ళలేదు. మూడోసారి దూకా. ముప్పావు నిమిషం పైనే పడ్డాను, గంటకి దాదాపు 200 కిలోమీటర్ల వేగం అన్నారు, నాకైతే గాలి మీద పడుకున్నట్టే ఉంది. ఆ మొదటి రోజు ఎవరైనా ఒక్క మాట అనుంటే రెండోసారి వెళ్ళేదాన్నే కాదు.

చుక్కలు_చూసినవాడు
నన్ను తిట్టబట్టే దూకా, మిమ్మల్ని తిట్టకపోబట్టే దూకారు. లెక్క సమానం.

గాలివాటం
మీ ఫ్రెండ్స్ మంచివాళ్ళు, ఒప్పుకుంటా. కానీ భయం వెయ్యడమూ, ఇష్టం లేకపోవడమూ వేరు వేరు. స్కైడైవర్ల మీద పాత పరిశోధన ఒకటుంది, 1967లో ఫెంజ్, ఎప్‌స్టీన్ అనే ఇద్దరు చేసింది. కొత్తవాళ్ళకి గుండె వేగం దూకే క్షణం దాకా పెరుగుతూనే పోతుంది. అనుభవం ఉన్నవాళ్ళకి ముందే పెరిగి, దూకే సమయానికి తగ్గుతుంది. అంటే కొత్తవాడికి అంచు దగ్గర భయం శిఖరం మీద ఉండటం మామూలే. ఆ క్షణంలో వాడనే "వద్దు" వాడిది కాదు, భయానిది. ఫ్రెండ్ అన్నవాడు భయాన్ని కాదు, మనిషిని వినాలి.

నేలవిడవని_సాము
భలే. ఇక నుంచి ఎవరేమన్నా అది వాళ్ళ మాట కాదు, వాళ్ళ గుండె మాట, మనం వినక్కర్లేదు. అదే పరిశోధన తిప్పి చదువు. అంచు దగ్గర మనిషి మామూలుగా ఆలోచించలేడని తెలిసినప్పుడు, అక్కడ నిలబెట్టి ఒప్పించిన "సరే" మాత్రం వాడిదెలా అవుతుంది? వద్దంటే భయం, సరే అంటే మనిషా? నీకు కావాల్సింది వాడి నోట్లోంచి వచ్చేదాకా అడుగుతావు, వచ్చాక వాడే ఒప్పుకున్నాడంటావు. మా బాబాయి జాతి నువ్వు.

గాలివాటం
నేను "నువ్వు" ఎప్పుడయ్యానండీ? మీ బాబాయి మీద కోపం నా మీద తీర్చుకోకండి. మీరు జీవితంలో నేల విడవలేదు, పేరులోనే ఉంది.

ఊరికే_చదువుతా
మొదలైంది.

చుక్కలు_చూసినవాడు
మధ్యలో ఒక మంచి మాట. కళ్ళజోడు పవర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళు, గ్లకోమా, రెటీనా సమస్యలు ఉన్నవాళ్ళు బంగీ జోలికి పోకండి. తలకిందులుగా వేలాడి కుదుపు తగిలితే కంట్లో రక్తనాళాలు చిట్లుతాయి. మా గుంపులో ఒకణ్ణి ఇందుకే పంపలేదు.

నేలవిడవని_సాము
దానికీ దీనికీ సంబంధం ఏంటండీ?

చుక్కలు_చూసినవాడు
మీరిద్దరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారని.

మోడరేటర్
వ్యక్తిగత విమర్శలు వద్దు. ఇంట్లోవాళ్ళని లాగొద్దు. మళ్ళీ జరిగితే తాళం వేస్తా.

పాతరెక్క
గొడవ పక్కన పెట్టండి. గాలివాటం గారూ, టేకాఫ్ వీడియో ఉందా? ఎన్నో అడుగు దగ్గర కూర్చున్నాడో, అప్పటికి వింగ్ నెత్తి మీదకి వచ్చిందో లేదో చూస్తే తప్పు పైలట్‌దా, వాడిదా చెప్పొచ్చు.

గాలివాటం
ఉంది, నేనే తీశా. కానీ నా దగ్గర చక్కగా ఉన్నది ఎడిట్ చేసిందే. 40 సెకన్లు, వెనక పాట పెట్టా, కూర్చునే చోట మూడుసార్లు స్లో మోషన్. అందులో అడుగులు లెక్కపెట్టడం కష్టం.

మూడోసారి_దూకినామె
ఆగండి. ఎడిట్ చేసి ఏం చేశారు?

గాలివాటం
గ్రూపులో పెట్టా.

మూడోసారి_దూకినామె
మీ నలుగురి గ్రూపులోనా?

గాలివాటం
కాలేజీ బ్యాచ్ గ్రూపు. అరవై మంది ఉంటారు. అందరూ బాగానే నవ్వారు, ఎవరూ చెడ్డగా అనలేదు.

మూడోసారి_దూకినామె
"ఆ రాత్రి నుంచి మాట్లాడట్లేదు" అని రాశారు. వీడియో పెట్టింది ఎప్పుడు?

గాలివాటం
ఆ రాత్రే.

ఊరికే_చదువుతా
ఇంత ముఖ్యమైన సంగతి ముప్పై కామెంట్ల తర్వాతా చెప్పేది.

నేలవిడవని_సాము
చూశారా! నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే, బలవంతం చేసేవాడు...

మూడోసారి_దూకినామె
కాదండీ, మీరు అన్నది ఇది కాదు. మీరు వద్దు, సరే దగ్గరే ఆగిపోయారు. బెణుకు ఎవరికైనా అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు కుంటుతూ కూడా మాట్లాడి ఉంటాడు చూడండి. మాట్లాడాడా గాలివాటం గారూ?

గాలివాటం
మాట్లాడాడు. కారులో పాటలు కూడా పెట్టాడు. కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కానీ మేం ఎప్పుడూ ఇలాగే ఉంటాం అండీ. నేను బండి మీంచి పడితే లేపేముందు ఫొటో తీసింది వాడే. నాలుగేళ్ళు అందరికీ చూపించాడు, నేను అలగలేదు. ఇప్పుడు వాడి వంతు వచ్చేసరికి అంత కోపం ఏంటి? నాకు నిజంగా అర్థం కాకే ఇక్కడ అడిగా.

చుక్కలు_చూసినవాడు
బండి మీంచి పడటం వేరు బ్రో. దాంట్లో నీ పిరికితనం ఏం లేదు. ఇది వాడు అందరి కన్నా ముందు హుషారుపడి, చోటు వెతికి, బుక్ చేసి, చివర్లో వెనకడుగు వేసింది. నా తిట్టు కథ చెప్పా కదా, ఆ తిట్టు మా ఇద్దరికే తెలుసు. వాడు ఎవరికీ చెప్పలేదు. అందుకే వాడంటే నాకిష్టం.

పాతరెక్క
ఎడిట్ చెయ్యని వీడియో ఉండే ఉంటుంది కదా. దాంట్లో లెక్కపెట్టండి.

నేలవిడవని_సాము
ఈయనకి ఇంకా అడుగులే కావాలి.

గాలివాటం
(రెండు గంటల తర్వాత) దొరికింది. పాట లేకుండా మొదటిసారి విన్నా ఇది. ఆ రోజు మా అరుపుల్లో వినపడలేదు, తర్వాత పాట పెట్టినప్పుడు మాటలు తీసేశా.

"నా వల్ల కాదు రా" అని ఊరుకోలేదు వాడు. "ముందు ఆ ఫోన్ దించరా, అప్పుడు వెళ్తా" అన్నాడు. రెండుసార్లు. రెండోసారి నవ్వుతూ అన్నాడు, అదే మేం సరే అనుకున్నాం. నేను "ఆగు ఆగు, ముఖం ఇటు పెట్టు" అంటున్నా.

మూడోసారి_దూకినామె
వీడియో గ్రూపులోంచి తీసేశారా?

గాలివాటం
ఇప్పుడే ప్రయత్నించా, సమయం దాటిపోయింది, నా ఫోన్లోనే పోతుందట. అరవై మంది ఫోన్లలోనూ అలాగే ఉంటుంది.

@పాతరెక్క, లెక్కపెట్టా. నాలుగో అడుగు. వింగ్ నెత్తి మీదకి వచ్చేసింది, పైలట్ "పరిగెత్తు పరిగెత్తు" అంటున్నాడు. అప్పుడు తల తిప్పి నా వైపు చూశాడు.

పాతరెక్క
పక్కకి తిరిగితే నడుము మెలిపడి కాలు ఆగిపోతుంది. అందుకే కూర్చుండిపోయాడు. టేకాఫ్‌లో పైలట్ తప్పేం లేదు.