గేమ్‌లో పరిచయమైనవాడు మా తమ్ముణ్ణి ఫోటో అడుగుతున్నాడు, ఇంట్లో చెప్పాలా?

తెనాలి అక్క:
నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, అమ్మానాన్నా తమ్ముడూ తెనాలిలో ఉంటారు. వాడిది తొమ్మిదో తరగతి. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో షూటింగ్ గేమ్ ఆడతాడు, టీమ్‌లో వాళ్ళతో హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుతుంటాడు, స్కూల్ ఫ్రెండ్సే అనుకున్నాం. మొన్న వాడే ఫోన్ చేసి "అక్కా, నాన్నకి చెప్పనని ఒట్టెయ్యి" అని మొదలుపెట్టాడు. గేమ్‌లో ఒకడు వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నానని పరిచయమై, వీడికి గన్ స్కిన్లు (గేమ్‌లో తుపాకీకి వేసుకునే డిజైన్లు, డబ్బు పెట్టి కొనాలి) గిఫ్ట్‌గా పంపాడట. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కి రమ్మన్నాడు, అక్కణ్ణుంచి మెసేజ్‌లు వాటంతటవే మాయమైపోయే ఇంకో యాప్‌కి. ఇప్పుడేమో "షర్ట్ తీసి ఒక ఫోటో పెట్టరా, నేనూ పెడతా" అంటున్నాడు. అలాంటివేవీ పంపలేదంటున్నాడు వీడు. నాన్నకి తెలిస్తే ముందు ఫోన్ పగులుతుంది, తర్వాత వీడి వీపు. ఏం చెయ్యమంటారు?

నిడదవోలు సుబ్బు:
ఇందులో ఆలోచించడానికేముంది, ఫోన్ లాక్కుని పదో తరగతి పరీక్షలయ్యేదాకా బీరువాలో పెట్టండి. అయినా మగపిల్లాడే కదా, అంత టెన్షన్ దేనికి.

హన్మకొండ కౌన్సెలర్:
సుబ్బు గారూ, మగపిల్లలైతే ఏమీ కాదనుకోవడం వల్లే వాళ్ళు నోరు విప్పరు. ఫోన్ లాక్కుంటే పక్కింటి ఫ్రెండ్ ఫోన్‌లో లాగిన్ అవుతాడు, కాకపోతే ఈసారి అక్కకి కూడా చెప్పడు. అవతలివాడి ధైర్యమంతా "మీ ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అన్న ఒక్క మాట మీదే ఉంటుంది. ముందు గిఫ్టులు, తర్వాత ఎవరికీ చెప్పొద్దనడం, తర్వాత యాప్ మార్చడం, తర్వాత ఫోటో, అది చేతికి రాగానే బెదిరింపు: డబ్బులు వెయ్యి, లేదా ఇంకో ఫోటో పెట్టు. "నేనూ పెడతా" అని వాడు పెట్టేది చాలాసార్లు ఇంకెవరిదో ఫోటో. డబ్బులు పంపితే ఆగుతాడనుకోవద్దు, మళ్ళీ అడుగుతాడు.

ఒట్టు సంగతి తమ్ముడితోనే మాట్లాడండి, "నేను పక్కనుంటాను, ఇద్దరం కలిసి చెబుదాం" అనండి. ముందు అమ్మకి చెప్పండి. నాన్నగారి దగ్గర మొదటి మాటే "వాడంతట వాడే వచ్చి చెప్పాడు" అని ఉండాలి. అది విన్నాక చెయ్యి లేవడం కొంచెం కష్టం.

కర్నూలు వకీలు:
బ్లాక్ చేసే ముందు ఆధారాలు తీసి పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్, యూజర్‌నేమ్, గేమ్ ఐడీ, గిఫ్ట్ వచ్చినట్టున్న స్క్రీన్, తేదీలతో సహా. మెసేజ్‌లు మాయమైపోయే యాప్‌లలో కొన్ని, స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి నోటిఫికేషన్ పంపిస్తాయి, అందుకని ఇంకో ఫోన్ కెమెరాతో ఫోటో తీయండి. మీరే తమ్ముడిలా ఛాట్ చేసి వాణ్ణి పట్టుకుందామని మాత్రం చూడకండి, అది పోలీసుల పని.

పిల్లలపై లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం, 2012 కింద 18 ఏళ్ళలోపు ఎవరైనా పిల్లలే, అబ్బాయిలూ అమ్మాయిలూ సమానమే. ఐటీ చట్టం సెక్షన్ 67బి ప్రకారం ఇలాంటి లైంగిక పనికి పిల్లల్ని ఆన్‌లైన్‌లో పరిచయం పెంచుకుని లాగడం కూడా నేరమే, మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఫోటో చేతికందే దాకా ఆగక్కర్లేదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకి విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్టేషన్‌కి వెళ్ళాలంటే నాన్నగారు భయపడతారేమో, పోక్సో కేసులో పిల్లాడి వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, ఆ పోలీసు యూనిఫాంలో రాకూడదు, పేపర్లో పేరు వెయ్యకూడదు.

సెట్టింగుల బాబాయ్:
ఇన్‌స్టాగ్రామ్‌లో మీ తమ్ముడు ఏ పుట్టిన సంవత్సరం ఇచ్చాడో చూడమ్మా. 2025 నుంచి మన దేశంలో కూడా టీన్ అకౌంట్లున్నాయి, అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, 16 లోపువాళ్ళు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దవాళ్ళ అనుమతి కావాలి. వయసు అబద్ధం చెబితే ఇవేవీ వర్తించకపోవచ్చు. ఒకవేళ ఎప్పుడైనా ఫోటో బయటికి పోతే "టేక్ ఇట్ డౌన్" అని 18 లోపువాళ్ళ కోసం ఉచిత సేవ ఒకటుంది. ఫోటో ఫోన్ దాటి పోదు, దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో పోల్చుకుని తీసేస్తాయి.

తెనాలి అక్క:
అందరికీ థాంక్స్. తమ్ముణ్ణి ఒప్పించి అమ్మకి చెప్పాను. ఏడ్చింది కానీ అరవలేదు. పుట్టిన సంవత్సరం 2001 ఇచ్చాడు వెధవ. ఇంకో సంగతి ఇప్పుడు బయటపడింది, మొదట్లో వాడికి స్కూల్ యూనిఫాంలో ఉన్న ఫోటో పంపాడట, మెళ్ళో ఐడీ కార్డుతో. జూమ్ చేస్తే స్కూల్ పేరు తెలుస్తోంది.

హన్మకొండ కౌన్సెలర్:
అయితే రేపు పొద్దున్నే అమ్మగారిని స్కూల్‌కి వెళ్ళి హెచ్‌ఎంతో మాట్లాడమనండి. "అన్నయ్యని" అనో "బాబాయ్‌ని" అనో ఎవరొచ్చి అడిగినా పిల్లాణ్ణి పంపొద్దని గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా చెప్పించాలి. ఫిర్యాదులో ఆ ఫోటో సంగతి కూడా రాయండి.