జీడీబీ డీబగ్గర్‌లో నాలుగు థ్రెడ్లే కనిపిస్తున్నాయి, మిగతా ఫైబర్లు ఎక్కడ?

వైట్‌ఫీల్డ్_సీ_బ్యాచ్:
బెంగళూరులో మా కంపెనీలో ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన యూజర్ లెవెల్ థ్రెడ్ (ఫైబర్) లైబ్రరీ ఒకటుంది, కెర్నల్‌కి తెలియకుండా ప్రోగ్రామే ఫైబర్లను మారుస్తుంది, ఆ స్విచింగ్ అంతా రిజిస్టర్లను దాచి తిరిగి తెచ్చే సెట్‌జంప్, లాంగ్‌జంప్‌తోనే. కస్టమర్ దగ్గర హ్యాంగ్ అయితే కోర్ ఫైల్ (ప్రోగ్రామ్ మెమరీ నకలు) పంపారు. ఇన్ఫో థ్రెడ్స్ కొడితే నాలుగు కెర్నల్ థ్రెడ్లు, నాలుగూ ఈపోల్‌లో (పని వచ్చేదాకా ఎదురుచూసే కాల్) హాయిగా పడుకున్నాయి. లాక్ పట్టుకుని కూర్చున్న ఫైబర్ జాడే లేదు. జీడీబీ కోసం సొంతంగా లిబ్‌థ్రెడ్_డీబీ (థ్రెడ్ల వివరాలు డీబగ్గర్‌కి చెప్పే లైబ్రరీ) రాసేద్దాం అంటున్నాడు మా లీడ్. అయ్యే పనేనా? సోమవారం ఏదో ఒకటి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

పాత_యూనిక్స్:
ఆ జోలికి పోకండి. అది సోలారిస్ కాలం నాటి ఏర్పాటు, అప్పట్లో చాలా యూజర్ థ్రెడ్లు కొద్దిపాటి కెర్నల్ థ్రెడ్ల మీద తిరిగేవి కాబట్టి డీబగ్గర్‌కి మధ్యవర్తి కావాల్సి వచ్చింది. సోలారిస్ 9కి వాళ్లే ఆ పద్ధతి వదిలేశారు. లినక్స్‌లో థ్రెడ్ లైబ్రరీ ఎన్‌పీటీఎల్ మొదటి నుంచీ ఒకటికి ఒకటే, ఇక్కడి జీడీబీ కూడా ప్రతి థ్రెడ్ వెనకా ఒక కెర్నల్ థ్రెడ్ ఉందనే లెక్కతోనే నడుస్తుంది.
పైథాన్ స్క్రిప్ట్ రాయండి, క్యూఈఎంయూ ఎమ్యులేటర్ వాళ్ల కోరొటీన్ (ఫైబర్ లాంటిదే) స్క్రిప్ట్ చూస్తే దారి తెలుస్తుంది. ఒక మెలిక మాత్రం ఉంది: 64 బిట్ ఇంటెల్ మీద గ్లిబ్‌సీ (లినక్స్ సీ లైబ్రరీ) సెట్‌జంప్ దాచే జంప్ బఫర్‌లో ఆర్‌బీపీ, ఆర్‌ఎస్‌పీ, పీసీ రిజిస్టర్లను ఉన్నదున్నట్టు పెట్టదు. ఎఫ్‌ఎస్ బేస్‌కి (థ్రెడ్ సొంత డేటా ఉండే చోటు) 48 బైట్ల అవతల ఉన్న గార్డ్ అనే రహస్య విలువతో ఎక్సార్ చేసి ఎడమకి 17 బిట్లు తిప్పుతుంది. మీరు ముందు కుడికి 17 తిప్పి, ఆ తర్వాత ఎక్సార్ చేయాలి.

వైట్‌ఫీల్డ్_సీ_బ్యాచ్:
థాంక్స్ అన్నా, విలువలు సరిగ్గానే వస్తున్నాయి. కానీ ఫైబర్ స్టాక్ చూద్దామని ఆర్‌ఎస్‌పీ మార్చబోతే ప్రాసెస్ లేదు, కుదరదు అంటోంది జీడీబీ.

పాత_యూనిక్స్:
కోర్ కదా, రిజిస్టర్లు రాయనివ్వదు. జీడీబీ 7.10 నుంచి పైథాన్‌లో అన్‌వైండర్ (స్టాక్‌లో ఎవరు ఎవర్ని పిలిచారో తేల్చే కోడ్) రాసుకోవచ్చు. ఫ్రేమ్ 0ని అది పట్టుకుని, దీన్ని పిలిచినవాడి రిజిస్టర్లు ఇవీ అని ఫైబర్ విలువలు చెప్పాలి, ఫ్రేమ్ 1 నుంచి ఫైబర్ స్టాకే వస్తుంది. ఫైబర్ మారినప్పుడల్లా ఫ్రేమ్ క్యాష్ చెరిపేయండి, లేకపోతే పాత బ్యాక్‌ట్రేస్‌నే చూపించి తికమక పెడుతుంది.

కోర్_డంప్_కుమారి:
ఈసారికి గట్టెక్కుతారు సరే, రేపు ఎవరో ఫైబర్ స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డ్ ఇరికిస్తారు, స్క్రిప్ట్ చెత్త చూపిస్తుంది, ఆ సంగతి మళ్లీ హ్యాంగ్ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. స్క్రిప్ట్‌లో ఆఫ్‌సెట్లు (ఫీల్డ్ ఎన్ని బైట్ల అవతల ఉందో) అంకెలుగా రాయకండి. గ్లిబ్‌సీ తన ఫీల్డ్‌ల సైజు, ఆఫ్‌సెట్ వివరాలను _థ్రెడ్_డీబీ_తో మొదలయ్యే సింబల్స్‌లో తనే పెట్టుకుంటుంది, మీ లైబ్రరీలో కూడా అలాంటి టేబుల్ ఒకటి, పక్కన వెర్షన్ నంబరు పెట్టండి. డైనమిక్ సింబల్‌గా ఉంచితే స్ట్రిప్ చేసిన (డీబగ్ వివరాలు తీసేసిన) బైనరీలో కూడా దొరుకుతుంది. ప్రతి బిల్డ్‌లో చిన్న ప్రోగ్రామ్‌తో కోర్ తీయించి, స్క్రిప్ట్ నడిపి, ఫైబర్ ఫంక్షన్ పేరు బ్యాక్‌ట్రేస్‌లో వచ్చిందో లేదో చూడండి. రాకపోతే బిల్డ్ ఫెయిల్, మీ లీడ్ ఒప్పుకోకపోయినా సరే.