పాత కమాండర్ జీపు డోరు కిందకి దిగింది: హింజి పిన్నులు మారిస్తే సరిపోతుందా?

ఇచ్ఛాపురం_జీపు:
1998 మోడల్ మహీంద్రా కమాండర్. హార్డ్‌టాప్, హింజిలు బయటకి కనిపించే రకం. డ్రైవర్ వైపు డోరు లాక్ దగ్గర 5 మి.మీ. దాకా దిగిపోయింది. పైకెత్తి మూస్తే గానీ పడట్లేదు. పిల్లరు (డోరు వేలాడే బాడీ స్తంభం) వైపు హింజి రెక్కకి పైనా కిందా రెండు చెవులు, వాటి మధ్య డోరు రెక్క గొట్టం. పిన్ను 8 మి.మీ., గొట్టం బయట కొలత 16. పిన్ను కింది కొన కొట్టి రివెట్ చేసి ఉంది. లాక్ స్ట్రైకర్ (లాక్ వచ్చి పట్టుకునే కొక్కెం) కిందకి జరిపితే చాలని ఒకరు, పిన్నులు కొట్టి కొత్తవి వేయాలని ఇంకొకరు అంటున్నారు. ఇంటి దగ్గర చేసుకోగలిగినంత నేనే చేసుకుంటాను, లేత్ పని ఒక్కటే బరంపురంలో ఇస్తాను. ఏ కొలతలు చెప్పి చేయించాలి?

పర్లాకిమిడి_బాడీపని:
స్ట్రైకర్ ముట్టుకోకండి. అది జరిపితే డోరు పడుతుంది, హింజిలో అరుగుదల మాత్రం అలాగే పెరుగుతూ పోతుంది.

ముందు అరిగింది పిన్నేనా కాదా తేల్చండి. డోరు సగం తెరిచి, లాక్ వైపు అంచు పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. ఇంకొకరు పై హింజి మీద వేలు పెట్టి చూడాలి. చెవికీ గొట్టానికీ మధ్య కదలిక తెలిస్తే పిన్నూ రంధ్రమూ అరిగాయి. రెక్క మొత్తం పిల్లరు మీద కదిలితే బోల్టులు లూజు. రేకే ఉబ్బి లోపలికీ బయటికీ ఊగితే పిల్లరు తుప్పు తిని చీలింది. మన సముద్రపు గాలికి ఈ మూడోది తక్కువేం కాదు. అలా ఉంటే ముందు లోపల ప్లేటు వేయించుకోవాలి. పిన్ను ఖర్చు దాని తర్వాతే.

పై హింజిలో అరుగుదల కొంచెమే అయినా కిందకి దిగడం ఎక్కువ కనిపిస్తుంది. రెండు హింజిల మధ్య 40 సెం.మీ., డోరు వెడల్పు 90 సెం.మీ. అనుకోండి. పైన 1 మి.మీ. ఆట (లూజు) ఉంటే లాక్ దగ్గర రెండుంపావు మి.మీ. దిగుతుంది. మీ 5 మి.మీ. అంటే పైనా కిందా కలిపి 2 మి.మీ. పైమాటే. అంత ఆటలో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసి ఉంటుంది, ఒక్క కొత్త పిన్నుతో నిలవదు.

బరంపురం_లేత్:
పై మాట నిజం, బుష్ (గొట్టంలో నొక్కే, పిన్ను తిరిగే తొడుగు) వేయాల్సిందే. కొలతలు రాసుకోండి.

పిన్నుకి ఈఎన్8 (గట్టి ఉక్కు రకం) బ్రైట్ బారు. ఇనప దుకాణంలో కోసి ఇచ్చే మెత్తటి ఎంఎస్ రాడ్డు వద్దు, తొందరగా అరిగిపోతుంది. బుష్ గన్‌మెటల్‌ది (కంచు రకం), కాలర్ (బయటకి వచ్చే అంచు) ఉన్నది, గొట్టానికి పైన ఒకటి కింద ఒకటి. బుష్ బయట కొలత 11 మి.మీ. పెట్టించండి. 10 పెడితే గోడ 1 మి.మీ. మాత్రమే ఉంటుంది, నొక్కేటప్పుడు చీలే ప్రమాదం ఉంది. 11 అయితే బుష్‌కి ఒకటిన్నర, గొట్టానికి రెండున్నర మిగులుతాయి, రెండింటికీ బలం చాలు. కాలర్ మందం 1.5 మి.మీ. ఇస్తే గొట్టం రెండు కొనల్నీ అంతే మేర లేత్ మీద ఫేస్ చేయాలి (చెక్కి తగ్గించాలి). ఇది చెప్పకపోతే బుష్‌లు వేశాక గొట్టం చెవుల మధ్యలోకి దూరదు.

గొట్టానికి రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి నునుపుగా చెక్కే పనిముట్టు) ఒకే దెబ్బలో పైనుంచి కింద దాకా వెళ్ళాలి. చేతి డ్రిల్లుతో రెండు వైపుల నుంచీ వేస్తే రెండు రంధ్రాలూ వంకర వచ్చి పిన్ను బిగుసుకుంటుంది. బుష్ నొక్కాక లోపలి కొలత కొంచెం తగ్గుతుంది కాబట్టి 8 మి.మీ. రీమర్ ఆఖర్న మళ్ళీ తిప్పాలి. పిన్నుకీ బుష్‌కీ 0.03 నుంచి 0.05 మి.మీ. సందు చాలు.

అసలు చూడాల్సింది పై చెవి. పిన్ను అక్కడ బిగుతుగా నిలబడి, గొట్టంలో మాత్రమే తిరగాలి. చెవి లూజైతే పిన్ను చెవిలో తిరిగి దాన్ని తినేస్తుంది. అందుకే పిన్ను లేత్ మీద మెట్టుగా చెక్కించండి: తల కింద చెవి మందం మేరకు 8.5 మి.మీ., అక్కడి నుంచి 8. పై చెవిని 8.5కి రీమ్ చేస్తే బిగిసి కూర్చుంటుంది. కింది చెవి సాగి ఉంటే వెల్డింగ్‌తో నింపి మళ్ళీ 8కి వేయాలి. కింది కొనకి రివెట్ బదులు గాడి కోయించి ఈ-క్లిప్ (గాడిలో పట్టే E ఆకారపు క్లిప్పు) పెట్టండి.

ఇచ్ఛాపురం_జీపు:
రెండు హింజిలూ ఒకేసారి విప్పాలా? పాత పిన్ను ఏ వైపు కొట్టాలి?

పర్లాకిమిడి_బాడీపని:
లేత్‌కి రెక్కలు కూడా వెళ్ళాలి కాబట్టి డోరు పూర్తిగా దించాల్సిందే. బోల్టులు వదులు చేసే ముందే రెక్కల చుట్టూ సన్నటి మేకుతో గీత గీయండి. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతే దారి. కింద జాకీ, దాని మీద చెక్క, పైన గోనెసంచి మడత. చెక్ పట్టీ (డోరు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ) ముందే విప్పేయండి, లేకపోతే డోరు బరువంతా దానిమీద పడి వంగుతుంది.

పిన్నులు బల్ల మీద వైసులో పెట్టి తీయండి. ముందురోజు రాత్రే డీజిలు పోసి నాననివ్వాలి. రివెట్ కొనని గ్రైండరుతో చెవి మట్టం దాకా అరగదీసి, 6 లేదా 7 మి.మీ. పంచ్ పెట్టి కింద నుంచి పైకి కొట్టండి. పిన్ను తల పై వైపు ఉంటుంది, పై నుంచి కొడితే అది చెవికి తగిలి పిన్ను దిగదు. జీపు మీద ఉండగానే గ్రైండర్ పెట్టాల్సి వస్తే అద్దానికి తడి గోనె కప్పండి. నిప్పురవ్వలు అద్దంలో అతుక్కుంటే ఆ చుక్కలు మళ్ళీ పోవు.

కింది చెవి వెల్డింగ్ కూడా బండి నుంచి విప్పాకే. బండి మీదే చేస్తే బ్యాటరీ మైనస్ తీయకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు.

రాయగడ_డ్రైవర్:
ఒకటి కలుపుతాను. పిన్ను తల ఎప్పుడూ పైకే. క్లిప్పు ఊడినా పిన్ను జారదు. తల కిందకి పెడితే గతుకుల ఘాట్ రోడ్డులో డోరు చేతిలోకి వస్తుంది.

గ్రీజు విషయం: హింజి బయటే ఉంది కాబట్టి మందంగా పూయకండి. దుమ్ము అంటుకుని గరుకు ముద్దై బుష్‌ని అరగదీస్తుంది. బిగించేటప్పుడు పిన్నుకి లిథియం గ్రీజు పల్చగా, తర్వాత నెలకోసారి గుడ్డతో తుడిచి ఇంజన్ ఆయిలు రెండు చుక్కలు.

బరంపురం_లేత్:
బిగింపు: ముందు రెండు హింజిల బోల్టులూ వేళ్ళతో తిప్పి, డోరు మూసి, చుట్టూ సందు సమానంగా ఉందేమో చూసి, ఆ తర్వాతే బిగించండి. ఎం8, 8.8 గ్రేడ్ బోల్టుకి 25 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు కూడా లాక్ తగులుతుంటే అప్పుడు స్ట్రైకర్ జరపండి. గ్రైండ్ చేసిన చోట్లకి ఆ రోజే ప్రైమర్ వేయాలి, ఇచ్ఛాపురం గాలికి తెల్లారేసరికి ఎర్రబడుతుంది.