టెక్సాస్‌లో జింక వేటకి .308లో ఏ తూటా?

టెక్కలి తమ్ముడు:
నవంబరులో విజిటర్ వీసా మీద టెక్సాస్ వెళ్తున్నాను. మా బావ దగ్గర .308 విన్చెస్టర్ రైఫిలుంది, వైట్‌టెయిల్ జింక వేటకి రమ్మంటున్నాడు. తూటాల పెట్టెల మీద 150, 165, 180 గ్రెయిన్లని ఉంటుందట, సాఫ్ట్ పాయింట్, బాండెడ్, కాపర్ అని మళ్లీ రకాలు. దూరం 100 నుంచి 150 గజాలు. మాంసం పాడవకూడదు. ఏది కొనమంటారు? చౌకగా దొరికే ఎఫ్ఎంజే (ఫుల్ మెటల్ జాకెట్) సరిపోదా?

బొబ్బిలి మావయ్య:
ఎఫ్ఎంజే వద్దు తమ్ముడూ. దాని సీసం మీద రాగి తొడుగు ముక్కు కొస దాకా మూసుకుపోయి ఉంటుంది. విచ్చుకోకుండా సన్న కన్నం చేసుకుని అవతలికి పోతుంది. జింక పొదల్లోకి ఉరికి చాలాసేపు నరకయాతన పడుతుంది, నెత్తుటి జాడ కూడా సరిగ్గా దొరకదు. కొన్ని రాష్ట్రాల్లో ఇది జింక వేటకి నిషిద్ధం కూడాను.

సాఫ్ట్ పాయింట్ చేతిలోకి తీసుకుని చూడు. రాగి తొడుగు కొసన ఆగిపోయి, చెక్కిన పెన్సిల్ ములుకులా బూడిద రంగు సీసం బయటికి కనిపిస్తుంది. ఒంట్లోకి దిగగానే అక్కణ్నించే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

గ్రెయిన్లంటే మందు బరువు కాదు, ముందరుండే బుల్లెట్ బరువు. 150 గ్రెయిన్లంటే 9.7 గ్రాములు. టెక్సాస్‌లో హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతం జింకలు ఉత్తరాది రాష్ట్రాల వాటికంటే చిన్నవి, వాటికి 150 సాఫ్ట్ పాయింట్ దిట్టంగా సరిపోతుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకి సుమారు 2,800 అడుగుల వేగం, 150 గజాల దగ్గర ఇంకా 2,400 దరిదాపుల్లో ఉంటుంది. విచ్చుకోడానికి 1,800 చాలు. అందుకే ఈ దూరానికి బాండెడ్‌కి, అంటే సీసాన్ని తొడుగుకి అతికించినదానికి, ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. 180 చాలావరకు ఎల్క్ లాంటి పెద్ద జంతువులకి చేసింది. చిన్న జింకలో పూర్తిగా విచ్చుకోకుండానే దాటిపోవచ్చు.

టెక్కలి తమ్ముడు:
మరి కాపర్ సంగతేటి మావయ్యా? మాంసంలో సీసం ఉండదంటున్నారు.

బొబ్బిలి మావయ్య:
నిజమే, అది మొత్తం రాగితోనే చేసిన బుల్లెట్. పిల్లలు తినే ఇంట్లో మంచి ఎంపికే. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం లేని బుల్లెట్టే వాడాలి, టెక్సాస్‌లో ఆ నిబంధన లేదు. కాపర్ గట్టిది, వేగం ఉంటేనే బాగా విచ్చుకుంటుంది. అందుకే బరువైనది వద్దు, 130 లేదా 150 తీసుకో. సీసంది వాడితే గాయం చుట్టూ ఎర్రగా కమిలిన మాంసం ఉదారంగా కోసి పారెయ్యాలి.

మాంసం పాడయ్యేది బుల్లెట్ వల్ల కంటే గురి వల్లే ఎక్కువ. జబ్బ ఎముకకి తగిలితే ముందు భాగమంతా నుజ్జే. జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనకగా, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొట్టాలి. గుండె, ఊపిరితిత్తులు కలిపి టిఫిన్ ప్లేటంత చోటు, 8 అంగుళాలు.

చీపురుపల్లి వాసి:
బ్రాండ్ మార్చినా, బరువు మార్చినా జీరో (స్కోపులో గురి చూసిన చోటికి లెక్క ప్రకారం తూటా పడుతోందా అన్నది) మళ్లీ చూసుకోవాలి. పెట్టె మారిన సంగతి మర్చిపోయి నేరుగా వేటకెళ్లిపోవడమే అందరూ చేసే తప్పు. ఒకే రకంవి రెండు పెట్టెలు, 40 తూటాలు, కొనండి. ఇసక సంచి మీద రైఫిల్ ఆనించి 100 గజాల్లో మూడేసి చొప్పున కాల్చి, మధ్యలో గొట్టం చల్లారనివ్వండి. మూడూ అంగుళంన్నర లోపు పడితే జింకకి చాలు. గురి బిందువుకి రెండంగుళాలు పైన పడేలా స్కోప్ తిప్పితే 200 గజాల దాకా వేరే లెక్క అక్కర్లేదు. గొట్టం మీద చెక్కిన పేరూ, పెట్టె మీద పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. .308, .30-06 బుల్లెట్ల లావు ఒకటే, తూటాలు మాత్రం వేరు.

వంశధార:
అసలు ముఖ్యమైంది ఎవరూ చెప్పలేదు. విజిటర్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ, తూటా దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే రేంజికి వెళ్లడం. 5 రోజుల చౌక లైసెన్సు జింకకి చెల్లదు, బయటివాళ్లకిచ్చే నాన్‌రెసిడెంట్ జనరల్ లైసెన్సు తీసుకోవాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ కోర్సు) నిబంధన ఉంది.

ఇక్కడ మనకి 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దుప్పి, కణుజు, ఏ జింకనీ వేటాడకూడదు. ఆ పని అక్కడితోనే ఆపండి. తిరిగొచ్చేటప్పుడు కోటు జేబులు, బ్యాగు అడుగు అరలు దులిపి చూసుకోండి. ఒక్క తూటా మిగిలిపోయి స్కానర్లో కనబడితే విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు. జ్ఞాపకానికని కాల్చేసిన తూటా ఖాళీ డొల్ల కూడా తేవద్దు.